తల్లుల ప్రాణదాత డాక్టర్ సెమ్మెల్‌వైస్

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళు ఒకటో తారీఖు కోసం ఎదురుచూశాం. రిటైరయ్యాక పెన్షనుతోపాటు డాక్టరు ఇచ్చిన తారీఖు కోసం కూడా ఎదురుచూస్తున్నాం. బీపీ, షుగరు, కంట్లో శుక్లాలు, మోకాళ్ళు, ప్రోస్టేటు - ఏదో ఒక కారణంతో ఆసుపత్రి మెట్లు ఎక్కక తప్పని వయసు మనది. ఆపరేషను బాగానే జరిగిందట గాని తరువాత ఇన్ఫెక్షను వచ్చిందట అనే మాట మనం తరచుగా వింటూనే ఉంటాం. ఒక జబ్బుకని వెళ్ళి ఇంకో జబ్బుతో తిరిగి రావడం మన కాలంలో పుట్టిన సమస్య కాదు. సుమారు నూట ఎనభై ఏళ్ళ క్రితమే ఒక యువ వైద్యుడు ఈ సమస్యను గుర్తించి, దాని మూలం ఎక్కడుందో లెక్కలతో సహా చూపించాడు. ఆయన చెప్పిన మందు అతి చౌక. రోగిని ముట్టుకునే ముందు చేతులు శుభ్రంగా కడుక్కోండి అన్నాడు. ఆ మాట అన్నందుకు ఆయన అనుభవించిన కష్టాలు ఇన్నీ అన్నీ కావు. ఆ మహనీయుడే డాక్టర్ ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్.

బాల్యం - విద్యాభ్యాసం

సెమ్మెల్‌వైస్ 1818 జులై 1న హంగరీ దేశంలోని బుడా నగరంలో జన్మించాడు. డాన్యూబ్ నదికి ఒక ఒడ్డున బుడా, రెండో ఒడ్డున పెస్ట్ ఉండేవి. 1873లో అవి కలిసి నేటి బుడాపెస్ట్ నగరమయ్యాయి. తండ్రి కిరాణా వర్తకుడు. పదిమంది పిల్లలలో ఇగ్నాజ్ ఐదోవాడు. ఇంట్లో మాట్లాడేది జర్మన్ భాషే అయినా అది ఆ ప్రాంతపు యాస. రచనకు పూనుకోవడమంటే ఆయనకు జంకు. ఈ జంకు తరువాతి కాలంలో ఆయనకు ఎంత నష్టం చేసిందో ముందు ముందు చూద్దాం.

1837లో తండ్రి కోరికపై వియన్నా వెళ్ళి లా కోర్సులో చేరాడు. ఏడాది తిరక్కుండానే మనసు వైద్యవిద్య మీదికి మళ్ళింది. 1844లో వైద్య పట్టా పుచ్చుకుని, ప్రసూతి శాస్త్రంలో ప్రత్యేక శిక్షణ పొందాడు. 1846 జులైలో, సరిగ్గా ఇరవై ఎనిమిదేళ్ళ వయసులో, వియన్నా జనరల్ ఆసుపత్రి మొదటి ప్రసూతి విభాగంలో ప్రొఫెసర్ క్లైన్ వద్ద సహాయకుడిగా ఉద్యోగంలో చేరాడు. ఆనాడు యూరప్‌లో ఉన్న అతి పెద్ద ఆసుపత్రులలో అదొకటి.

రెండు వార్డుల మర్మం

ఆ ఆసుపత్రిలో బీద స్త్రీలకు ఉచితంగా పురుడు పోసేవారు. అందుకు బదులుగా వారు వైద్య విద్యార్థుల శిక్షణకు ఒప్పుకోవాలి. అక్కడ రెండు ప్రసూతి విభాగాలు ఉండేవి. 1840 నుంచి మొదటి దానిలో వైద్య విద్యార్థులకు, రెండో దానిలో మంత్రసానులకు శిక్షణ ఇచ్చేవారు. ఒకరోజు వచ్చినవారిని మొదటి వార్డులో, మర్నాడు వచ్చినవారిని రెండో వార్డులో చేర్చుకునేవారు. అంటే ఏ వార్డులో పడాలన్నది ఆ తల్లి చేతిలో గాని, డాక్టరు చేతిలో గాని లేదు. వచ్చిన రోజును బట్టి ఉండేది.

పురుడు వచ్చిన రెండు మూడు రోజులకు తల్లికి చలిజ్వరం, పొత్తికడుపులో భరించరాని నొప్పి మొదలై, వారం తిరక్కుండానే ప్రాణం పోయేది. మన పెద్దలు బాలింత జ్వరం, సూతికా జ్వరం అని చెప్పుకుని భయపడిన జబ్బే అది. 1846లో మొదటి వార్డులో 4,010 మందికి పురుళ్ళు పోస్తే 459 మంది చనిపోయారు. అంటే నూటికి పదకొండు మందికి పైగా. అదే ఏడాది రెండో వార్డులో 3,754 మందికి పురుళ్ళు పోస్తే చనిపోయినవారు 105 మంది. నూటికి ముగ్గురు కూడా కాదు. ఒకే ఆసుపత్రి, ఒకే వంటశాల, ఒకే గాలి. అయినా పెద్ద డాక్టర్లు, కాబోయే డాక్టర్లు చూసే వార్డులో చావులు ఎక్కువ. మంత్రసానులు చూసే వార్డులో తక్కువ.

ఈ సంగతి ఊరందరికీ తెలుసు. మొదటి వార్డు వంతు వచ్చిన గర్భిణులు రెండో దానిలో వేయమని కాళ్ళావేళ్ళా పడేవారు. దారిలోనే ప్రసవమైందని చెప్పి తరువాత ఆసుపత్రిలో చేరేవారు కూడా ఉండేవారు. అలా వీధిలో ప్రసవించిన తల్లులలో ఈ జ్వరం చాలా అరుదుగా వచ్చేది. వైద్యుడి కంటే వీధే నయమన్న ఈ నిజం యువకుడైన సెమ్మెల్‌వైస్‌కు నిద్ర పట్టనివ్వలేదు.

ఒక్కొక్క కారణం కొట్టివేత

గాలిలోని చెడు ఆవిరుల వలన ఈ జ్వరం వస్తుందని అప్పటి పెద్దల అభిప్రాయం. ఒక్క గోడకు అటూ ఇటూ గాలి అంత తేడాగా ఉంటుందా అని సెమ్మెల్‌వైస్ ఆలోచించాడు. జనసమ్మర్దం అందామా అంటే, భయంతో అందరూ రెండో వార్డునే కోరడం వలన ఆ వార్డులోనే రద్దీ ఎక్కువ. మంత్రసానులు తల్లిని పక్కకు తిప్పి పడుకోబెట్టి పురుడు పోస్తారని తెలిసి, తన వార్డులోనూ అలాగే చేయించాడు. లాభం లేకపోయింది. చనిపోయేవారి వద్దకు వెళ్ళే మతగురువు గంట మోగించుకుంటూ మొదటి వార్డు గదుల మీదుగా నడుస్తాడు, ఆ భయానికే తల్లులు జబ్బు పడుతున్నారని ఒక వాదన. గంట మానిపించి, గురువును వేరే దారిన వెళ్ళమని బతిమాలాడు. చావులు తగ్గలేదు. విద్యార్థులు మొరటుగా పరీక్షిస్తున్నారని ఒక సంఘం తేల్చింది. విద్యార్థుల సంఖ్యను సగానికి తగ్గించారు. కొన్నాళ్ళు తగ్గినట్టే తగ్గి మళ్ళీ పెరిగింది.

ఆయనకు దారి చూపినవి ఆసుపత్రి రిజిస్టర్లు. ఏ రోజు ఎందరు చేరారు, ఎందరు పోయారు అన్నది గుమాస్తాలు ఓపికగా రాసిపెట్టారు. ఆ పుటలన్నీ తిరగేసి వార్డుల వారీగా, నెలల వారీగా పట్టికలు వేసుకున్నాడు. రికార్డులు సరిగ్గా రాయడం ఎందుకని విసుక్కునే వారికి మనం చెప్పదగిన ఉదాహరణ ఇది. ఎవరో రాసిన ఆ అంకెలు తరువాత లక్షలాది తల్లులను బతికించాయి.

స్నేహితుని మరణం

1847 మార్చిలో ఆయన కొద్దిరోజుల సెలవు మీద వెనిస్ వెళ్ళి వచ్చాడు. తిరిగి వచ్చేసరికి గుండె పగిలే వార్త. తాను ఎంతో గౌరవించే మిత్రుడు, న్యాయవైద్య ప్రొఫెసర్ కొలెచ్కా మరణించాడు. శవపరీక్ష నేర్పుతుండగా ఒక విద్యార్థి చేతిలోని కత్తి పొరపాటున ఆయన వేలికి గుచ్చుకుంది. చిన్న గాయమే. కాని రక్తం విషమై కొద్ది రోజులలోనే ప్రాణం తీసింది.

దుఃఖంలో ఉండి కూడా సెమ్మెల్‌వైస్ మిత్రుని శవపరీక్ష నివేదికను పట్టి పట్టి చదివాడు. అందులో రాసిన మార్పులన్నీ తాను రోజూ బాలింతల శరీరాలలో చూస్తున్నవే. అప్పుడు ఆయనకు తట్టింది. కత్తి మొన నుంచి శవం తాలూకు మలినం కొలెచ్కా రక్తంలోకి వెళ్ళింది. మరి ఈ తల్లులకు? వైద్యులు, విద్యార్థులు పొద్దున్నే శవాలను కోసి, చేతులు ఏదో కడిగామనిపించుకుని, ఆ చేతులతోనే నేరుగా వచ్చి ప్రసవవేదన పడుతున్న స్త్రీలను పరీక్షిస్తున్నారు. చేతులకు శవాల వాసన ఇంకా వదిలేదే కాదు. మంత్రసానులకు శవాల పని లేదు. అందుకే రెండో వార్డులో చావులు తక్కువ.

శవాన్ని తాకితే స్నానం చేయకుండా ఇంట్లోకి అడుగుపెట్టనివ్వని ఆచారం మనది. మన పెద్దలు దానిని మైల అన్నారే గాని క్రిముల సంగతి వారికీ తెలియదు. మురికి గదిలో పురుడు, పాత కొడవలితో బొడ్డుకోత మన ఊళ్ళలోనూ ఎందరు తల్లీబిడ్డలను బలి తీసుకున్నాయో మన అమ్మమ్మల తరం వారికి తెలుసు. కనుక వియన్నా వైద్యులను చూసి మనం గర్వపడనక్కరలేదు.

ఈ సత్యం తెలిసి సెమ్మెల్‌వైస్ సంతోషించలేకపోయాడు. తల్లులు ఎందుకు చనిపోతున్నారో తెలుసుకోవాలనే తపనతో ఆయనే రోజూ ఉదయం శవపరీక్షలు చేసి వార్డుకు వెళ్ళేవాడు. తన చేతుల ద్వారానే ఎందరు కడతేరారో ఆ భగవంతునికే ఎరుక అన్న వేదన ఆయనను జీవితాంతం విడిచిపెట్టలేదు. ఈ తప్పును ఇతరుల మీదికి నెట్టలేదు. ముందు తన మీదే వేసుకున్నాడు.

బ్లీచింగ్ పౌడరు నీళ్ళు

1847 మే నెల మధ్యలో వార్డు గుమ్మం దగ్గర ఒక పాత్ర పెట్టించాడు. మొదట క్లోరిన్ నీళ్ళు, తరువాత చౌకగా దొరికే క్లోరినేటెడ్ సున్నం. మన ఊరి బావుల్లో పంచాయతీవారు చల్లే బ్లీచింగ్ పౌడరే అది. శవాల వాసన పోగొట్టేది ఇదే గనుక ఆ మలినాన్ని కూడా ఇదే పోగొడుతుందని ఆయన ఊహ. ప్రతి డాక్టరు, ప్రతి విద్యార్థి ఆ నీటితో చేతులు రుద్ది కడుక్కున్నాకే తల్లుల వద్దకు వెళ్ళాలని ఆజ్ఞ. చేతులు మండుతున్నాయని సణిగినవారున్నారు. ఆయన వినలేదు. దగ్గరుండి కడిగించాడు.

ఏప్రిల్‌లో నూటికి పద్ధెనిమిది మంది చనిపోయిన వార్డులో జూన్‌లో నూటికి రెండు, జులైలో దాదాపు ఒకటికి చావులు దిగాయి.

అదే ఏడాది అక్టోబరులో మరో పాఠం. గర్భాశయ క్యాన్సరుతో చీము కారుతున్న స్త్రీ ఒకామె మొదటి మంచం మీద ఉంది. ఆమెను పరీక్షించి, సబ్బుతో మాత్రమే చేతులు కడుక్కుని వరుసగా మిగతావారిని చూశారు. పన్నెండు మందిలో పదకొండు మంది చనిపోయారు. విషం శవం నుంచే రానక్కరలేదు, బతికి ఉన్న రోగి నుంచి కూడా మరొకరికి చేతుల ద్వారా పోతుందని అప్పుడు తేలింది. వార్డులోకి వచ్చేటప్పుడే కాదు, ఒక రోగికీ ఇంకో రోగికీ మధ్య కూడా చేతులు కడగాలని నియమం పెట్టాడు. నేటికీ ప్రపంచంలోని ఆసుపత్రులన్నీ పాటించవలసిన నియమం ఇదే.

1848లో మొదటి వార్డులో 3,556 పురుళ్ళకు 45 మరణాలు. రెండో వార్డుతో ఇంచుమించు సమానం. మార్చి, ఆగస్టు నెలల్లో ఒక్క తల్లి కూడా చనిపోలేదు.

ఎందుకు ఒప్పుకోలేదు?

ఇంతటి ఫలితం కళ్ళెదుట ఉండగా వైద్యలోకం ఆయనను నెత్తిన పెట్టుకుని ఉండాలి. అలా జరగలేదు. హెబ్రా, స్కోడా, రొకిటాన్‌స్కీ వంటి వియన్నా పెద్దలు కొందరు ఆయన పక్షాన నిలిచారు. కాని పైఅధికారి క్లైన్‌కు ఇది నచ్చలేదు. ఇన్నేళ్ళుగా తల్లుల చావుకు మన చేతులే కారణమని ఏ ప్రొఫెసరు ఒప్పుకుంటాడు? పెద్దమనిషి చేయి మురికిదా అని వారికి రోషం వచ్చింది. పైగా క్రిముల సిద్ధాంతం అప్పటికింకా స్థిరపడలేదు. ఆ చేతుల మీద ఉన్నదేమిటో సెమ్మెల్‌వైస్ కూడా చూపించలేడు.

ఆయన వైపు లోపాలూ ఉన్నాయి. రాయడానికి జంకి, తన పరిశోధనను తానే ప్రకటించలేదు. హెబ్రా ఆయన తరఫున పత్రికకు వ్యాసాలు రాయవలసి వచ్చింది. మిత్రులు ఎంత చెప్పినా గ్రంథం వెలువడటానికి 1861 వరకు పట్టింది. ఆలోగా చాలామంది ఆయన మాటను సగం సగం విని తప్పుగా అర్థం చేసుకున్నారు.

అందరూ అలా లేరు. జర్మనీలోని కీల్ నగరంలో మిఖాయెలిస్ అనే ప్రొఫెసరు ఈ పద్ధతిని అమలుచేశాడు. మరణాలు తగ్గాయి. కాని అంతకుముందు తాను పురుడు పోసిన దగ్గరి బంధువు ఈ జ్వరంతోనే చనిపోయిందన్న పశ్చాత్తాపం భరించలేక 1848లో ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు. నిజం ఒప్పుకోవడం ఎంత బరువైన పనో ఈ సంఘటన చెబుతుంది.

1848లో విప్లవం చెలరేగింది. హంగరీవారంటే వియన్నా అధికారులకు అనుమానం. 1849 మార్చిలో సెమ్మెల్‌వైస్ ఉద్యోగ గడువు ముగిసింది. పొడిగింపు ఇవ్వలేదు. ఎంతో తిరిగిన తరువాత 1850లో బోధకుడి పదవి ఇచ్చారు గాని బొమ్మల మీద మాత్రమే పాఠం చెప్పాలని షరతు పెట్టారు. అవమానం దిగమింగలేక మిత్రులకు కూడా చెప్పకుండా వియన్నా వదిలి పెస్ట్ చేరాడు. అండగా నిలిచిన మిత్రులకు కూడా ఇది మనస్తాపం కలిగించింది.

సొంత గడ్డ మీద

1851లో పెస్ట్‌లోని సెయింట్ రోకస్ ఆసుపత్రి ప్రసూతి వార్డు బాధ్యత గౌరవ హోదాలో స్వీకరించాడు. ఆరేళ్ళలో 933 పురుళ్ళకు ఈ జ్వరంతో పోయినవారు ఎనిమిది మందే. 1855లో పెస్ట్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరయ్యాడు. అక్కడ మళ్ళీ జ్వరాలు మొదలైతే, మూలం వెతికి సరిగ్గా ఉతకని పక్కదుప్పట్లని కనిపెట్టాడు. ఖర్చు లెక్కలు చూసే అధికారులతో పోట్లాడి శుభ్రమైన దుప్పట్లు తెప్పించాడు. కాగితాల మీద పొదుపు చేస్తే మంచం మీద ప్రాణం పోతుందని ఆయనకు తెలుసు.

1857లో మరియాను వివాహమాడాడు. ఐదుగురు సంతానం కలిగారు. వారిలో ఇద్దరు పసితనంలోనే పోయారు.

1861లో తన గ్రంథాన్ని జర్మన్ భాషలో ప్రచురించాడు. విమర్శకులు తీసిపారేశారు. బెర్లిన్‌లోని ప్రఖ్యాత శాస్త్రవేత్త ఫిర్షో కూడా అంగీకరించలేదు. అప్పుడిక సెమ్మెల్‌వైస్ సహనం నశించింది. ఐరోపాలోని ప్రసూతి ప్రొఫెసర్లకు బహిరంగ లేఖలు రాసి, తెలిసి కూడా చేతులు కడుక్కోని వారు హంతకులేనని దుయ్యబట్టాడు. మాట నిజమే కావచ్చు. కాని ఆ ధోరణి వలన శత్రువులు పెరిగారే గాని తల్లులకు మేలు జరగలేదు.

కడపటి రోజులు

1865 నాటికి ఆయన ప్రవర్తనలో మార్పు వచ్చింది. మతిమరుపు, కోపం, నిలకడ లేకపోవడం ఎక్కువయ్యాయి. ఆ జబ్బు ఏమిటన్న దానిపై వైద్యులలో నేటికీ ఏకాభిప్రాయం లేదు. ఆ జులై చివరలో భార్య, మిత్రులు కలిసి ఆయనను వియన్నాకు తీసుకువెళ్ళారు. ఒకప్పుడు ఆయన తరఫున వ్యాసాలు రాసిన హెబ్రాయే ఆసుపత్రి చూపిస్తానని చెప్పి పిచ్చాసుపత్రిలో చేర్పించాడు. మోసం గ్రహించి బయటికి రాబోయిన ఆయనను కాపలావాళ్ళు చావబాది, కట్టి, చీకటి గదిలో పడేశారు. చేతి గాయం చీముపట్టి, రక్తం విషమై, 1865 ఆగస్టు 13న నలభై ఏడేళ్ళ వయసులో కన్నుమూశాడు. ఏ జబ్బు నుంచి తల్లులను కాపాడాడో, ఏ జబ్బుతో మిత్రుడు కొలెచ్కా పోయాడో, అలాంటి జబ్బే ఆయననూ తీసుకుపోయింది. అంత్యక్రియలకు వచ్చినవారు కొద్దిమందే.

విధి విచిత్రం చూడండి. సరిగ్గా ముందురోజు, ఆగస్టు 12న, గ్లాస్గోలో జోసెఫ్ లిస్టర్ అనే సర్జన్ కాలు విరిగిన పదకొండేళ్ళ కుర్రవాడి గాయానికి మొదటిసారిగా కార్బాలిక్ యాసిడ్‌తో కట్టు కట్టాడు. గాయం చీముపట్టకుండా మానింది. క్రిమిరహిత శస్త్రచికిత్సకు అది నాంది. 1879లో ఫ్రాన్స్‌లో లూయీ పాశ్చర్ బాలింత జ్వరానికి కారణమైన క్రిమిని బల్ల మీద బొమ్మ గీసి చూపించాడు. సెమ్మెల్‌వైస్ చెప్పినదంతా నిజమని అప్పుడు లోకం తెలుసుకుంది. 1891లో ఆయన అస్థికలను బుడాపెస్ట్‌కు తరలించారు. ఆయన పుట్టిన ఇల్లు నేడు వైద్యచరిత్ర మ్యూజియం. అక్కడే ఆయన సమాధి. 1969 నుంచి బుడాపెస్ట్ వైద్య విశ్వవిద్యాలయానికి ఆయన పేరే పెట్టారు.

మనం నేర్చుకోవలసినది

తరువాత సల్ఫా మందులు, పెన్సిలిన్ వచ్చాయి. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పర్యవేక్షణలో 1948లో ఆరియోమైసిన్ వెలువడింది. మందులున్నాయి కదా అని చేతుల సంగతి కొంత మరిచిపోయాం. ఇప్పుడా మందులకు లొంగని క్రిములు ఆసుపత్రులలోనే పెరుగుతున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక ప్రకారం మనవంటి దేశాలలో ఆసుపత్రిలో చేరిన ప్రతి నూరుమందిలో సుమారు పదిహేను మందికి అక్కడే ఏదో ఒక ఇన్ఫెక్షను సోకుతోంది. ధనిక దేశాలలో ఏడుగురికి. షుగరు ఉన్నవారు, పెద్ద వయసువారు మొదటి వరుసలో ఉంటారు. కనుక సభ్యులు, వారి కుటుంబాలవారు ఈ కింది విషయాలు గుర్తుంచుకోవాలని మనవి.

రోగిని తాకే ముందు, తాకిన తరువాత, మంచాన్ని, సామాన్లను ముట్టుకున్న తరువాత చేతులు కడుక్కోవాలి. సబ్బు, నీళ్ళయితే 40 నుంచి 60 సెకన్లు, స్పిరిట్ ద్రవమైతే 20 నుంచి 30 సెకన్లు పట్టాలి. వేళ్ళ సందులు, బొటనవేలు, గోళ్ళ అంచులు మరువరాదు. గ్లవ్స్ తొడుక్కుంటే కడగనక్కరలేదనుకోవడం పొరపాటు.

సెలైన్ సూది దగ్గర ఎర్రబడినా, నొప్పి పుట్టినా వెంటనే నర్సుకు చెప్పాలి. మూత్రపు గొట్టం ఇంకా అవసరమా అని డాక్టరును రోజూ అడగాలి. అవసరం తీరాక ఉంచిన గొట్టం క్రిములకు దారి. షుగరు అదుపులో ఉంచుకుంటే పుండ్లు త్వరగా మానుతాయి.

చూడవచ్చే బంధువులు జలుబు, దగ్గు ఉంటే ఫోనులో పలకరిస్తే చాలు. పదిమంది మంచం చుట్టూ కూర్చోవడం ప్రేమ కాదు. యాంటిబయాటిక్ మందులు మందుల షాపులో అడిగి సొంతంగా వాడకండి. డాక్టరు రాసినవి మధ్యలో మానకండి.

డాక్టరుగారిని, నర్సమ్మను చేతులు కడుక్కున్నారా అని అడగడానికి మనకు మొహమాటం. వారు ఏమనుకుంటారోనని వెనకాడతాం. గౌరవంగా, చిరునవ్వుతో అడిగితే మంచి వైద్యుడెవరూ నొచ్చుకోడు. ఆ ఒక్క మాట అడిగినందుకు సెమ్మెల్‌వైస్ ఉద్యోగం, పరువు పోగొట్టుకున్నాడు. మనకు పోయేదేమీ లేదు. ఏటా మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ చేతుల పరిశుభ్రతా దినం జరుపుతోంది. ఆ రోజున ఆయనను ఒకసారి తలచుకుని, మన మనవలు, మనవరాళ్ళకు ఈ కథ చెప్పి, కుళాయి దగ్గరికి తీసుకువెళ్ళి చేతులు కడుక్కోవడం నేర్పుదాం. ఆయనకు మనం ఇవ్వగల నివాళి అదే.